రేడియోలో మాట్లాడబోతే ఆరిపోతోంది, లైట్లు మసకబారుతున్నాయి: చిన్న తెరచాప పడవలో కరెంటు తంటాలు

నీటిపక్షి:
అందరికీ నమస్కారం. మాది 27 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ. లోపల డీజిల్ ఇంజన్, 12 వోల్టుల సిస్టమ్. ఇంజన్‌కి ఒక బ్యాటరీ, లైట్లకీ పరికరాలకీ ఇంకొకటి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో (పడవలు, ఓడలు మాట్లాడుకునే సెట్) వినడం బాగానే ఉంది. మాట్లాడదామని బటన్ నొక్కితే మాత్రం సెట్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతోంది. సరిగ్గా అప్పుడే కేబిన్ లైట్లు మసకబారుతాయి, టిల్లర్ పైలట్ (చుక్కానిని తనే తిప్పుతూ పడవని దిశలో నడిపే పరికరం) కుయ్యిమని స్టాండ్‌బైలోకి వెళ్లిపోతుంది. పగలు ఎప్పుడైనా ఒకసారి, రాత్రి లైట్లన్నీ వేసినప్పుడు దాదాపు ప్రతిసారీ. బ్యాటరీ కొత్తదే, మీటర్ పెడితే 12.6 చూపిస్తోంది. రేడియో పోయిందంటారా? యాంటెన్నా కేబులా? స్విచ్చుల ప్యానెల్ మొత్తం మార్చాలని ఒకాయన అంటున్నారు.

గాలివాటం:
యాంటెన్నా కేబుల్ పాడైతే మీ మాట అవతలివాళ్లకి సరిగా అందదు. అంతేగానీ మీ కేబిన్‌లో లైట్లు మసకబారవు. రేడియో, లైట్లు, పైలట్ మూడూ ఒకేసారి గోల పెడుతున్నాయంటే మూడూ విడివిడిగా చెడిపోలేదు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఏదో ఉంది. అప్పుడే ఏదీ కొనకండి.

చుక్కాని:
గాలివాటం గారు చెప్పిందే. దానికి కొంచెం లెక్క జోడిస్తాను.

వీహెచ్‌ఎఫ్ సెట్ వింటున్నప్పుడు చాలా తక్కువ కరెంటు లాగుతుంది. 25 వాట్ల పవర్‌తో మాట్లాడేటప్పుడు 5 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి ముందు పవర్‌ని 1 వాటుకి తగ్గించి నొక్కి చూడండి. 1 వాటులో మాట బాగానే వెళ్తూ 25లో ఆరిపోతుంటే సెట్ బాగానే ఉందనీ, దానికి కావలసినంత కరెంటు అందడం లేదనీ అర్థం. ఈ పరీక్ష ఛానల్ 16 మీద చేయకండి, అది ఆపదలో పిలవడానికి. యాంటెన్నా తగిలించకుండా కూడా నొక్కకండి, సెట్ దెబ్బతింటుంది.

ఇక ఆ 12.6. లోడ్ లేనప్పుడు, అంటే పరికరాలేవీ కరెంటు లాగనప్పుడు, మీటర్ చెప్పే వోల్టేజ్‌ని నేను పట్టించుకోను. మీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా. వైరులో ఇరవై పోగులకి పంతొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా, జాయింట్ అంతా చిలుము పట్టినా, మీటర్ మాత్రం 12.6 అనే అంటుంది. కరెంటు పారుతున్నప్పుడు చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. అందుకని లైట్లన్నీ వేసి, ఇంకొకరిని రేడియో బటన్ నొక్కి పట్టుకోమని ఈ నాలుగూ చూడండి.

ఒకటి, బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య. రెండు, రేడియో వెనక వైర్లు చేరే చోట పాజిటివ్‌కీ నెగటివ్‌కీ మధ్య. మూడు, బ్యాటరీ పాజిటివ్ నుంచి రేడియో పాజిటివ్‌కి. నాలుగు, బ్యాటరీ నెగటివ్ నుంచి రేడియో నెగటివ్‌కి. చివరి రెండూ సున్నాకి దగ్గరగా రావాలి. ఎంత వస్తే అంత వోల్టేజ్ ఆ దారిలో పోతోందన్నమాట. మీటర్ వైర్లు చాలకపోతే మామూలు వైరు ముక్క ఒకటి జోడించుకోండి, ఈ కొలతకి తేడా రాదు.

కొత్తసరంగు:
మధ్యలో వస్తున్నందుకు సారీ. దారిలో ఎంత వోల్టేజ్ పోతే (డ్రాప్ అయితే) ఫర్వాలేదు?

చుక్కాని:
రేడియో, నావిగేషన్ లైట్లు, బిల్జ్ పంపు (పడవ అడుగున చేరిన నీళ్లు తోడేది) లాంటి వాటికి 3 శాతం. 12 వోల్టుల మీద అది 0.36 వోల్టులు, రానూపోనూ రెండు వైర్లూ కలిపి. కేబిన్ లైట్లకి, ఫ్యాన్లకి 10 శాతం వరకు ఫర్వాలేదంటారు. వైరు సైజు ఎంచుకునేటప్పుడు కూడా ఇదే లెక్క. కొత్తవాళ్లు ఒకవైపు దూరమే కొలుస్తారు. 12 మీటర్ల మాస్ట్ (తెరచాప స్తంభం) పైన ఉన్న లైటుకి కరెంటు నడిచే దారి 24 మీటర్లు, దానికి ప్యానెల్ నుంచి మాస్ట్ అడుగు వరకు దూరం కూడా రానూపోనూ కలపాలి.

నీటిపక్షి:
కొలిచాను. లైట్లు, పైలట్ ఆన్‌లో ఉంచి బటన్ నొక్కినప్పుడు:
బ్యాటరీ దగ్గర 12.4
రేడియో దగ్గర 10.6
పాజిటివ్ వైపు డ్రాప్ 0.3
నెగటివ్ వైపు డ్రాప్ 1.5
1 వాటులో మాట బాగానే పోతోంది. పాజిటివ్ వైపు ఫ్యూజులు, స్విచ్చులు అన్నీ ఇదివరకే శుభ్రం చేయించాం. నెగటివ్ గురించి ఎవరూ అనలేదు.

పాతతీగ:
ఎవరూ అనరు! స్విచ్చులు, ఫ్యూజులు, బ్రేకర్లు అన్నీ పాజిటివ్ వైపే ఉంటాయి కాబట్టి కళ్లు అటే పోతాయి. నెగటివ్ వైర్లన్నీ ప్యానెల్ వెనక ఏదో మూల ఒక ఇత్తడి పట్టీ మీద చేరతాయి. అక్కడి నుంచి ఒక్క లావు వైరు బ్యాటరీకి వెళ్తుంది. ఆ పట్టీ మీదో, ఆ వైరు లగ్గులోనో (స్క్రూ కింద బిగించే లోహపు కొన) ఉంటుంది మీ 1.5 వోల్టులు.

మీవన్నీ కలిపి ఒక 7 ఆంపియర్లు అనుకుందాం. 1.5 ఇంటూ 7, సుమారు 10 వాట్లు. ఆ 10 వాట్లూ ఒకే జాయింట్‌లో వేడిగా మారుతున్నాయి. కాసేపు లోడ్ పెట్టాక జాయింట్లని ఒక్కొక్కటే వేలితో తాకి చూడండి, వెచ్చగా తగిలిందే దొంగ. తాకేముందు ఉంగరం, వాచీ, కడియం తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవు కానీ, పాజిటివ్‌కీ నెగటివ్‌కీ మధ్య ఉంగరం అడ్డం పడితే వేలు కాలిపోతుంది.

నీటిపక్షి:
దొరికింది! నెగటివ్ పట్టీ నుంచి బ్యాటరీకి వెళ్లే వైరుదే. పైకి లగ్గు మెరుస్తూనే ఉంది. ప్లాస్టిక్ కొంచెం వెనక్కి తీస్తే లోపల రాగి నల్లగా ఉంది, వంచితే పొడిలా రాలుతోంది. పట్టీ మీద స్క్రూ కింద పచ్చటి చిలుము. పైగా మూడు రకాల లగ్గులు ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకే స్క్రూతో బిగించారు. వైరు కోసి చూస్తే అర మీటరు లోపలికి కూడా నలుపే.

చుక్కాని:
నల్లబడినంత మేరా కోసేసి లగ్గు వేస్తే కొన్నాళ్లకి మళ్లీ అదే కథ. మొత్తం వైరు మార్చండి. తగరం పూత ఉన్న రాగి వైరే తీసుకోండి. సన్న పోగులు ఎక్కువ ఉన్నది కావాలి, ఇళ్లలో వాడే ఒంటి పోగు వైరు పడవకి పనికిరాదు, అదురుకి విరుగుతుంది. ఉప్పు తేమ పోగుల మధ్యనుంచి ఇన్సులేషన్ లోపలికి పాకుతుంది, వత్తిలో నూనె పాకినట్టు. తగరం పూత దాన్ని పూర్తిగా ఆపదు, చాలా ఏళ్లు వెనక్కి నెడుతుంది.

పట్టీ తీసి ఇత్తడి బ్రష్‌తో రుద్ది, మెరిసే లోహం కనిపించాకే బిగించండి. ఒక స్క్రూ కింద లగ్గులు రెండు, మహా అయితే మూడు. చిన్న పట్టీ అయితే పెద్దది పెట్టండి.

గాలివాటం:
లగ్గుకి క్రింపింగ్ (టూల్‌తో నొక్కి బిగించడం) మాత్రమే చేయండి, సోల్డర్ వద్దు. సోల్డర్ వైరులోకి పాకి గట్టిపడుతుంది. గట్టిపడిన చోటు, మెత్తగా ఉన్న చోటు కలిసే గీత దగ్గర అదురుకి పోగులు తెగుతాయి.

పాతతీగ:
దీంతో నేను పూర్తిగా ఏకీభవించను గాలివాటం గారూ. ముందు గట్టిగా క్రింప్ చేసి, తర్వాత కొనకి కొంచెం సోల్డర్ తాకించి, వైరు కదలకుండా లగ్గు పక్కనే క్లిప్ వేస్తే తేమ లోపలికి పోదు. అలా చేసినవి చాలా ఏళ్లుగా నిలిచి ఉన్నాయి నా దగ్గర. సోల్డర్ ఒక్కదాన్నే నమ్ముకోవడం తప్పు, ఆ మాట ఒప్పుకుంటాను. జాయింట్ వేడెక్కితే సోల్డర్ కరిగి వైరు ఊడొస్తుంది.

గాలివాటం:
మీ చేతికి కుదురుతుంది, కాదనను. కానీ మొదటిసారి చేసేవాళ్లకి సరైన క్రింపింగ్ టూల్, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకునే గొట్టం), ఈ రెండూ చాలు. స్లీవ్ వేడి చేస్తే అంచునుంచి జిగురు కొంచెం బయటికి రావాలి, అప్పుడు మూసుకున్నట్టు. కటింగ్ ప్లయర్‌తో నొక్కి క్రింప్ అంటే మాత్రం కుదరదు. నొక్కాక వైరు పట్టుకుని గట్టిగా లాగండి, ఊడి వస్తే ఇప్పుడే రావాలి.

కొత్తసరంగు:
నాదో సందేహం. కార్లలో నెగటివ్‌కి వైరే ఉండదు కదా, బాడీకే కలిపేస్తారు. పడవలో ఇంజన్ ఉంది, అల్యూమినియం మాస్ట్ ఉంది. మాస్ట్ పైన లైటుకి నెగటివ్ మాస్ట్ నుంచే తీసుకుంటే ఒక వైరు మిగులుతుంది కదా?

పాతతీగ:
వద్దు నాయనా! కారు నీళ్లలో తేలదు. పడవలో నీటిని తాకే లోహాలు ఉంటాయి: షాఫ్ట్, ప్రొపెల్లర్, సీ కాక్‌లు (పడవ అడుగున నీళ్ల గొట్టాల కవాటాలు). లోహపు భాగాల గుండా కరెంటు నడిపిస్తే అందులో కొంత నీళ్ల దారి పట్టొచ్చు. కరెంటు లోహం నుంచి నీళ్లలోకి దిగే చోట లోహం కరిగిపోతుంది. నీళ్లలో రెండు వేరు లోహాల మధ్య సహజంగా పుట్టే తుప్పుకి నెలలు, ఏళ్లు పడితే, బ్యాటరీ కరెంటు లీకైతే రోజుల్లో పని కానిచ్చేస్తుంది. ప్రతి లైటుకీ, ప్రతి పరికరానికీ రెండు వైర్లు ఉండాల్సిందే. మాస్ట్‌ని వైరులా వాడితే స్టీల్ రివెట్లు, బోల్టులు ఉన్న చోటల్లా అల్యూమినియం పొడి రాలుతుంది కూడా.

రెండోతెర:
ఆ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా షాఫ్ట్ మీద జింక్ ఆనోడ్ (మిగతా లోహాల బదులు తను కరిగిపోయే ముక్క) సీజన్ అంతా రావాల్సింది, కొన్ని వారాలకే సగం తినేసింది. మెయిన్ స్విచ్ ఎప్పుడూ ఆఫ్ చేసే వెళ్తాం.

చుక్కాని:
మెయిన్ స్విచ్ ఆఫ్ చేసినా బిల్జ్ పంపుకి కరెంటు ఉంటుంది కదా? దాన్ని నేరుగా బ్యాటరీకి కలుపుతారు, పడవలో ఎవరూ లేకపోయినా నీళ్లు తోడాలి కాబట్టి. మొదటి అనుమానం అక్కడే. ఫ్లోట్ స్విచ్ (నీళ్లు పెరిగితే పంపుని ఆన్ చేసేది) వైర్ల జాయింట్లు అడుగున నీళ్లలో నానుతుంటాయి. పంపు ఫ్యూజ్ తీసి ఆ రెండు కొనల మధ్య మీటర్‌ని ఆంపియర్లలో పెట్టి చూడండి. పంపు తిరగనప్పుడు సున్నా రావాలి. ఎలక్ట్రానిక్ ఫ్లోట్ స్విచ్ అయితే అదే కొన్ని మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అది మామూలే. అంతకంటే ఎక్కువుంటే జాయింట్లు లీకవుతున్నాయి. వాటిని కోసి, బిల్జ్‌లో నీళ్లు ఎక్కగల ఎత్తుకి పైన మళ్లీ వేయండి. మీటర్ ఆంపియర్లలో ఉన్నప్పుడు పంపు తిరిగితే మీటర్ లోపలి ఫ్యూజ్ పోవచ్చు, 10 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి.

అక్కడ ఏమీ లేకపోతే, రేవులో షోర్ పవర్ (రేవు నుంచి పడవకి ఇచ్చే మెయిన్స్ కరెంటు) తగిలించి ఉంచుతారా?

రెండోతెర:
ఎప్పుడూ తగిలించే ఉంటుంది, ఛార్జర్ కోసం. బిల్జ్ పంపు చూశాను, మీటర్ సున్నా చూపించింది.

చుక్కాని:
అయితే అదే దారి. షోర్ పవర్ కేబుల్‌లోని ఎర్త్ వైరు మీ షాఫ్ట్‌ని పక్క పడవల లోహాలకీ రేవు ఇనుముకీ కలిపేస్తుంది. మీ జింక్ వాళ్లందరినీ కాపాడుతూ కరిగిపోతుంది. ఎర్త్ వైరు తీసేద్దామని మాత్రం ఎవరు చెప్పినా వినకండి, ప్రాణాలకి ముప్పు. గాల్వానిక్ ఐసొలేటర్ అని దొరుకుతుంది, ఎర్త్ దారిలో పెడతారు. లోహాల మధ్య పుట్టే చిన్న డీసీ వోల్టేజ్‌ని ఆపి, ఏసీ (రేవు మెయిన్స్ కరెంటు) ఫాల్ట్ వస్తే దాన్ని పోనిస్తుంది. లేదంటే ఛార్జ్ అయ్యాక కేబుల్ తీసేయండి, సోలార్ ఉంటే ఇంకా నయం.

ఉప్పుగాలి:
షోర్ పవర్ అంటే గుర్తొచ్చింది. మా పక్క పడవలో రెయిలింగ్ తాకితే చెయ్యి జివ్వుమంటోందట. 12 వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకుంటున్నారు.

పాతతీగ:
అది 12 వోల్టులది కాదు. తడి చేతికి కూడా 12 అలా తెలియదు. ఏసీ లీకవుతోంది. రేవు దగ్గర బ్రేకర్ ఆఫ్ చేసి, తర్వాత కేబుల్ పీకమని ఈ క్షణమే చెప్పండి. ఆ చుట్టుపక్కల ఎవరూ నీళ్లలోకి దిగకూడదు. నీళ్లలోకి ఏసీ లీకైతే ఈదేవాడి కండరాలు బిగుసుకుపోయి మునిగిపోతాడు, మంచినీటి చెరువుల్లో, నదుల్లో ఇది ఇంకా ప్రమాదం. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చూసేదాకా మళ్లీ తగిలించొద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సప్లై కట్ చేసే పరికరం) ఉందో లేదో కూడా చూడమనండి. ఈ ఒక్క విషయంలో మనం మీటర్ పట్టుకుని ప్రయోగాలు చేయకూడదు.

ఉప్పుగాలి:
చెప్పేశాను, కేబుల్ తీసేశారు. థాంక్స్ అండీ. ఇక నాది. మాస్ట్ పైన మూడు రంగుల లైటు పడవ ఎడమకి వాలినప్పుడు ఆరిపోతుంది, కుడికి వాలితే వెలుగుతుంది. మాస్ట్ ఎక్కకుండా తెలుసుకునే దారి ఉందా?

గాలివాటం:
ఉంది. మాస్ట్ అడుగున డెక్ మీద ప్లగ్ ఉంటుంది కదా, పది కేసుల్లో ఎక్కువ భాగం అక్కడే తేలిపోతాయి. దాన్ని విప్పి, ప్యానెల్ నుంచి వచ్చే వైపు కారు ఇండికేటర్ బల్బు ఒకటి తగిలించండి. 21 వాట్లది, రెండు వైర్లు అతికించి జేబులో పెట్టుకుంటే ఇంతకంటే మంచి టెస్టర్ లేదు. మీటర్‌కి లేని లోడ్ దీనికి ఉంది. బల్బు తెల్లగా వెలిగితే కింద అంతా బాగున్నట్టు, ఎర్రగా గుడ్డిగా వెలిగితే తప్పు ప్యానెల్‌కీ ప్లగ్‌కీ మధ్య. ప్లగ్ పిన్నులు పచ్చగా ఉంటే ఇంకెక్కడా వెతకొద్దు, ముందు వాటి సంగతి చూడండి.

కింద బాగుంటే మాస్ట్ లోపల వైరు స్వేచ్ఛగా ఊగుతుండొచ్చు. పడవ వాలినప్పుడు వైరు బరువంతా ఒక పక్కకి పడి, పైన జాయింట్‌ని లాగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు ఎక్కక తప్పదు, అదీ రేవులో, గాలి లేనప్పుడు.

లైటు ఎల్‌ఈడీ అయితే ఒక మాట. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కింద నుంచి కంటిన్యుటీ (దారి తెగిందో లేదో) చూస్తే ఏమీ తెలియదు. లోపల ఎలక్ట్రానిక్స్ ఉంటుంది, తెగిపోయినట్టే చూపిస్తుంది.

లంగరుతాడు:
ఎల్‌ఈడీ అన్నారు కాబట్టి నాదీ చెప్తాను. మాస్ట్ పైన పాత బల్బు తీసి చవక ఎల్‌ఈడీ వేశారు. అప్పటి నుంచి రాత్రిళ్లు ఏఐఎస్‌లో (ఓడలు తమ స్థానాన్ని రేడియోలో తెలియజేసే వ్యవస్థ) ఓడలు బాగా దగ్గరికొచ్చేదాకా కనిపించేవి కావు. పగలు మామూలుగానే ఉండేది. యాంటెన్నా పక్కనే లైటు. ఎల్‌ఈడీ లోపలి డ్రైవర్ (దానికి కరెంటు సర్దే సర్క్యూట్) చేసే గోల వీహెచ్‌ఎఫ్ బ్యాండ్‌లోకి వెళ్లేది. ఏఐఎస్ 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, అదే గోలలో మునిగిపోయేది. పరీక్ష సులువు: రేడియో స్క్వెల్చ్‌ని (ఊరికే వచ్చే హుష్షు శబ్దాన్ని ఆపే నాబ్) శబ్దం అప్పుడే ఆగేంతవరకు తిప్పి ఉంచి, లైటు స్విచ్ వేయండి. హుష్షుమని మొదలైతే దొంగ దొరికినట్టే. పరీక్షించి సర్టిఫై చేసిన లైటు వేశాక మాకు ఆ గోల పోయింది.

నీటిపక్షి:
నా వైరు మార్చడం అయింది. నెగటివ్ వైపు డ్రాప్ ఇప్పుడు 0.05. రేడియో 25 వాట్లలో నిలబడుతోంది, పైలట్ కుయ్యిమనడం లేదు. కానీ కొత్త వింత ఒకటి కనిపిస్తోంది. నావిగేషన్ లైట్లు వేస్తే పైలట్ దిశ పది పదిహేను డిగ్రీలు జరుగుతోంది. ముందు ఎలాగూ పడిపోతూ ఉండేది కాబట్టి ఇది గమనించే అవకాశమే రాలేదు.

చుక్కాని:
ఇది కరెంటు తక్కువై కాదు. పైలట్‌కి లోపల కంపాస్ ఉంటుంది, దాని దగ్గరగా ఏదో వైరు పోతోంది. వైరులో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. 2 ఆంపియర్లు పారే ఒంటరి వైరు కంపాస్‌కి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పది పదిహేను డిగ్రీల తేడా రావడం వింతేమీ కాదు. పాజిటివ్, నెగటివ్ వైర్లు రెండూ పక్కపక్కనే ఉంటే ఒకదాని క్షేత్రాన్ని ఇంకొకటి రద్దు చేస్తుంది. మీ పడవ ముందు భాగంలోని లైట్ల వైర్లలో ఒకటి ఒక దారిన, ఇంకొకటి ఇంకో దారిన వెళ్తున్నాయేమో చూడండి. రెండింటినీ జడలా మెలితిప్పి, కంపాస్ నుంచి వీలైనంత దూరంగా తీసుకెళ్లండి. తర్వాత ఒక్కో స్విచ్ వేసి, పైలట్ దిశ జరుగుతోందా అని చూడండి.

నీటిపక్షి:
నిజమే, పాజిటివ్ ఒక్కటే కాక్‌పిట్ గోడ వెనకనుంచి వస్తోంది. నెగటివ్ అవతలి వైపు. ఈ వారం మారుస్తాను.

కొత్తసరంగు:
చివరిగా మాది కూడా చూడండి ప్లీజ్. ఇంజన్ తాళం తిప్పితే ఒక్కోసారి టక్ మంటుంది, అంతే. నాలుగైదుసార్లు తిప్పితే స్టార్ట్ అవుతుంది. బ్యాటరీ బాగానే ఉందని షాపులో పరీక్షించి చెప్పారు.

పాతతీగ:
తాళం తిప్పి పట్టుకున్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల మధ్య ఎంత వస్తోంది? 10 కంటే బాగా కిందకి పోతే బ్యాటరీ మీదే మొదటి అనుమానం. 12 దగ్గరే నిలబడితే సెల్ఫ్ మోటార్ అసలు కరెంటే లాగడం లేదు. అప్పుడు సోలెనాయిడ్ (సెల్ఫ్ మోటార్‌కి పెద్ద కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) మీదున్న సన్న వైరుకీ ఇంజన్ బ్లాక్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి, తాళం తిప్పి పట్టుకునే.

కొత్తసరంగు:
బ్యాటరీ 12.3లో నిలబడింది. సన్న వైరు దగ్గర 8.9.

పాతతీగ:
అదే. బ్యాటరీ నుంచి ప్యానెల్‌కి, తాళం గుండా, మళ్లీ ఇంజన్‌కి, ఆ సన్న వైరు ఎన్నో మీటర్లు ప్రయాణిస్తోంది, మధ్యలో ఇంజన్ దగ్గర ప్లగ్ ఒకటి. ముందు ఆ ప్లగ్ విప్పి పిన్నులు శుభ్రం చేయండి, సగం సందర్భాల్లో అంతటితో సరిపోతుంది. తేడా రాకపోతే ఇంజన్ దగ్గర రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టండి. తాళం నుంచి వచ్చే వైరు రిలే కాయిల్‌కి మాత్రమే. సోలెనాయిడ్‌కి కరెంటు సెల్ఫ్ మోటార్ పెద్ద బోల్టు నుంచే, కాస్త లావు వైరుతో, రిలే కాంటాక్టుల గుండా.

కొత్తసరంగు:
రిలేకి ఫ్యూజ్ వేయాలా? ఎక్కడ?

చుక్కాని:
తప్పకుండా. పెద్ద బోల్టు నుంచి వైరు బయల్దేరే చోటే, 18 సెంటీమీటర్ల లోపు. అమెరికాలో ఏబీవైసీ (పడవల ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణం బ్యాటరీ నుంచి బయల్దేరే వైర్లకి చెప్పే దూరం కూడా అదే, 7 అంగుళాలు. ఫ్యూజ్ సైజు వైరు మోయగలిగిన దాన్ని మించకూడదు. రిలేని సముద్రపు నీటి పంపు కింద మాత్రం బిగించకండి, దాని సీల్ ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది.